పాత బియ్యం, కొత్త బియ్యం, నడుమ నేను

ఆ రోజుల్లో ఏ రెండు దేశాల మధ్యనైనా మాట కుదర్చడం నాకు చిటికెలో పని అనుకునేదాన్ని. ఇరవై మూడేళ్ళ వయసు, మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా, ఫోన్లో వీడియోలు చూసి ముప్పై రోజుల్లో నేర్చుకున్న జపాను భాష (అంటే నమస్కారం, ధన్యవాదాలు, క్షమించండి, రైల్వే స్టేషన్ ఎక్కడ?). ఇంత సరంజామా ఉన్న మనిషి ఎవరికి భయపడాలి చెప్పండి! రైసుమిల్లు మిషన్లు అమ్మే ఒక కంపెనీ నన్ను మూడు నెలల ప్రొబేషన్ మీద తీసుకుని మిర్యాలగూడలో పడేసింది. సూర్యాపేట పక్కన చివ్వెంల మా ఊరు. పొద్దున్నే బస్సెక్కి పోవడం, మిల్లు మిల్లూ తిరిగి తవుడు దుమ్ముతో నెత్తి నెరిసినట్టయి సాయంత్రం మళ్ళీ బస్సెక్కి రావడం. మూడు నెలలు నిండవస్తున్నా ఒక్క మిషనూ అమ్మలేదు. మా మేనేజర్ హైదరాబాదు నుంచి ఫోన్ చేసి మర్యాదగానే చెప్పాడు. "సూడమ్మా, జపాన్ నుంచి ఇంజనీర్ వస్తుండు. సేటుకు మిషన్ నడిపి సూపిస్తడు. ఆర్డర్ వచ్చిందనుకో, నువ్వు పర్మనెంట్. రాలేదనుకో, ఇగ ఇంకోటి సూసుకో." ఇంకోటి చూసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ మా నాయన అప్పటికే నా ఉద్యోగం పర్మనెంట్ అయిపోయిందని ఊరంతా చెప్పేసి ఉన్నాడు. నా ఉద్యోగం కన్నా ఆయన మాట పోతుందేమోనన్నదే నాకు పెద్ద దిగులు.

మిషన్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బియ్యాన్ని పైనుంచి సన్నటి ధారగా వదిలితే, అందులోని నల్ల గింజనూ పచ్చ గింజనూ ఆకారం తేడా ఉన్న గింజనూ కెమెరాలతో కనిపెట్టి, గాలితో ఊది పక్కకు నెట్టేస్తుంది. మేనేజర్ చెప్పిన సేటు మిర్యాలగూడలో ఒక పెద్ద మిల్లు యజమాని, ఆయన మిల్లులో ట్రయల్ కోసం ఒకటి అప్పటికే దించి పెట్టాం. దాన్ని నడపడానికి వచ్చినాయన్ని మిల్లులో అందరూ జపాన్ సార్ అన్నారు, నేనూ అదే అంటాను. యాభై దాటిన సన్నటి మనిషి, నాకన్నా కొంచెం మెరుగైన ఇంగ్లీషు. సూర్యాపేటలో హోటల్లో దించాం. కారు నడిపేది కోదాడ డ్రైవరన్న. నేనేమో రెండు దేశాలనూ పోల్చి రాయడానికి ఒక నోటుబుక్కు కొన్నాను. పేజీ మధ్యలో గీత, ఇటు 'వాళ్ళు', అటు 'మనం'. మొదటి రోజు పొద్దుననే రాసుకున్నాను: టైము వాళ్ళకు ఉంది, మనకు చాలా ఉంది. (తొమ్మిదింటికని చెప్తే ఆయన పది నిమిషాల ముందే మిల్లు ఆఫీసులో కుర్చీ అంచున నిటారుగా కూర్చున్నాడు. సేటు పూజ ముగించుకుని వచ్చేసరికి పదిన్నర దాటింది.)

సేటు వస్తూనే ఆత్మీయంగా పలకరించాడు. "జపాన్ సార్ను అడుగు బిడ్డా, పిల్లలెంతమంది, జీతమెంత, సొంత ఇల్లేనా, కిరాయా?" మన దగ్గర ఇవి అడగకపోతే ఎదుటి మనిషిని లెక్కచేయనట్టు. అక్కడ ఇవి అడిగితే పోలీసు విచారణ చేసినట్టు. నేను తెలివిగా "ప్రయాణం బాగా జరిగిందా అంటున్నారు" అని చెప్పాను. ఆయన తల వంచి "చాలా బాగా జరిగింది" అన్నాడు. "ఇద్దరు పిల్లలంట, సొంత ఇల్లేనంట" అని సేటుకు చెప్పాను. అందరూ సంతోషించారు. నా మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ గౌరవం ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. జపాన్ సార్ లేచి నిలబడి, సంచిలోంచి అందమైన కాగితం చుట్టిన ఒక పొట్లం తీసి, రెండు చేతులా పట్టుకుని, నడుము దాకా వంగి, "ఇది చాలా చిన్న వస్తువు. ఏమంత గొప్పది కాదు. దయచేసి తీసుకోండి" అన్నాడు. నేను మాట పొల్లు పోకుండా, "ఏమంత మంచిది గాదంట సేటూ, తీస్కోమంటుండు" అన్నాను. సేటు కాగితం చింపాడు. లోపల రెండు కిలోల బియ్యం. పొట్టిగా, లావుగా, మెరుస్తూ.

ఇక్కడ మీకు మిల్లు ఆఫీసుల సంగతి ఒకటి చెప్పాలి. చేతిలో బియ్యం పొట్లంతో లోపలికి వచ్చేవాడు ఎవడైనా సరే, శాంపిలు తెచ్చినట్టే లెక్క. రోజుకు పది మంది దళారులు తెస్తారు. అందుకే సేటు ఏ అనుమానమూ లేకుండా గింజలు నల్ల ప్లేటు మీద పోసి, వేలితో జరిపి చూసి, ఒకటి పంటి కింద వేసుకుని పటుక్కున కొరికి, తీర్పు చెప్పాడు. "తేమున్నది. కొత్తయ్. దొడ్డు రకం. పాలిష్ మంచిగుంది గని మా తాన గివి నడువయ్ అని చెప్పు. మరీ అంటే ఇడ్లీ రవ్వకు పోతయ్." నేను జపాన్ సార్ వైపు తిరిగి, "ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు" అన్నాను. జపాన్ సార్ ముఖం వెలిగిపోయింది. బహుమతి పుచ్చుకునేటప్పుడు ఒక గింజ కొరకడం మన ఆచారం కాబోలనుకుని, తనూ ఒక గింజ తీసి భక్తిగా కొరికాడు. ఇంతలో సేటు, రోజూ చేసే పనే కనుక చూడకుండానే ప్లేటులోని గింజలనూ పొట్లంలో మిగిలినవాటినీ కలిపి పక్కనున్న శాంపిళ్ళ డ్రమ్ములోకి వంపేశాడు. అప్పటికే సగం నిండి ఉన్న డ్రమ్ము, అన్నీ సన్నరకాలు. జపాన్ సార్ నవ్వు సగంలో ఆగింది. ఆ డ్రమ్ము వంకే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనం మిల్లు వెనకున్న సేటు ఇంట్లో. సేటు తల్లి, మిల్లంతా పెద్దసేటమ్మ అని పిలిచే ఆవిడ, స్వయంగా వడ్డించింది. ముద్దపప్పు, గుత్తివంకాయ, చింతకాయ తొక్కు, అన్నం పలుకు పలుకు విడివిడిగా. "రెండేండ్ల పాత బియ్యం బిడ్డా, ఇంటి అల్లునికి తప్ప తియ్య. చెప్పు ఆయనకు." నేను ఛాతీ ఉబ్బించి, "ఈ బియ్యం చాలా పాతవి! రెండేళ్ళవి! మీ కోసమే తీశారు!" అన్నాను. ముద్ద కలపబోతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. (విస్తరి ఖాళీ అయితే మన దగ్గర మళ్ళీ వడ్డించమని. మిగిల్చితే వాళ్ళ దగ్గర అవమానించినట్టు. పెద్దసేటమ్మ నాలుగుసార్లు వడ్డించింది, ఆయన నాలుగుసార్లు ఖాళీ చేశాడు. నడుమ నేనున్నది ఎందుకో నాకూ తెలియదు.)

చేతులు కడుక్కుంటుంటే సేటు నన్ను పక్కకు పిలిచాడు. "బిడ్డా, ఏమనుకోకు. దొడ్డు బియ్యం పట్టుకొచ్చిండంటే ఆయన మిషన్ గూడ దొడ్డు బియ్యానికే పని చేస్తదేమో. మనవి సన్నగింజలు. రేపు సూద్దాం గని, నాకైతే నమ్మకం తక్వనే." నా కళ్ళ ముందు మా నాయన కనిపించాడు, చివ్వెంల బస్టాపులో పది మంది మధ్య నిలబడి.

సాయంత్రం సూర్యాపేట తిరిగి వస్తూ దారిలో టీకి ఆగాం. జపాన్ సార్ ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. బురదలో మోకాళ్ళ దాకా దిగిన ఒక ముసలాయన, నవ్వుతున్నాడు. "మా నాన్న. ఎనభై ఒక్క ఏళ్ళు. ఆ బియ్యం ఆయన పొలంలోవి. ఈ ఏటి కొత్త పంట. మా దగ్గర కొత్త బియ్యం ముందు దేవుడికి, తర్వాత పెద్దలకు ఇస్తాం. ఏడాది దాటినవి పాతవి, చవకగా అమ్మేస్తారు." తర్వాత చాలా మెల్లగా అడిగాడు. "నేను పొద్దున ఏమైనా తప్పు చేశానా? అందుకే పాత బియ్యం పెట్టారా?"

టీ గ్లాసు పక్కన పెట్టేశాను. కాదు మహాప్రభో, మా దగ్గర లెక్క తిరగేసి ఉంటుంది, పాతబడ్డ కొద్దీ బియ్యానికి విలువ, కొత్తవి తింటే కడుపునొప్పి అంటారు, రెండేళ్ళవి పెట్టారంటే నిన్ను అల్లుడి వరసలో కూర్చోబెట్టినట్టు అని, నాకున్న ఇంగ్లీషూ చేతులూ అన్నీ వాడి చెప్పాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి విన్నాడు. "రెండేళ్ళు... రాబోయే అతిథి కోసం దాచారా?" అన్నాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి గట్టిగా నవ్వాడు. తర్వాత ఆశగా అడిగాడు. "అయితే ఆ డ్రమ్ము కూడా అలాంటిదేనా? గౌరవంగా దాచే చోటా?" నేను, భగవంతుడు క్షమించుగాక, అవునని తల ఊపాను. కోదాడ డ్రైవరన్న నా వంక చూసి, "అట్టా చెప్పేశారేంటి మేడం గారూ! రేపు ఆయన మూత తీసి చూస్తే ఏం చేస్తారండీ?" అన్నాడు. ఆ రాత్రి నోటుబుక్కులో ఏమీ రాయలేదు.

మర్నాడు మొదటి బస్సుకే మిల్లుకు చేరి, పెద్దసేటమ్మ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆవిడ కొడుకును కేకేసింది. "ఓరి, ఆళ్ళ నాయిన పండించిన తొలి బియ్యమంటరా! వాటిని కొరికి ఇడ్లీ రవ్వకు పోతయంటవా? మనం మాత్రం కొత్త బియ్యం ముందుగాల దేవునికి పెట్టమా?" సేటు తల వంచుకున్నాడు. అంత పెద్ద సేటు తల్లి ముందు అలా నిలబడటం చూసి నాకు కొంచెం ధైర్యం కూడా వచ్చింది. "చేటలు తెండ్రి, ఏరుదాం" అన్నదావిడ. నిన్న సాయంత్రం దాకా పడ్డ శాంపిళ్ళతో కలగలిసిపోయి, డ్రమ్ములో రెండు బస్తాల గింజలున్నాయి. చేటలతో ఏరితే వారం పడుతుంది. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. "సేటూ, ఏరనీకే గద మనం మిషన్ తెచ్చింది!"

అన్నాకే లెక్క వేసుకున్నాను. మిషన్ ఏరలేకపోతే ఆర్డరూ పోతుంది, ఆయన నాన్న బియ్యమూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది, అన్నీ ఒక్క డ్రమ్ములోనే. జపాన్ సార్ రాగానే ఆయనకూ నిజం చెప్పి, నాకు బాగా వచ్చిన మూడో మాట, అదే క్షమించండి, ఆరుసార్లు అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. డ్రమ్ము దగ్గరికి వెళ్ళి పిడికెడు గింజలు తీసి అరచేతిలో చూసుకున్నాడు. తర్వాత కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచి మిషన్ దగ్గరికి నడిచాడు. "జర ఆగమను, పదిన్నర దాక రాహుకాలం" అన్నాడు సేటు. భయపడుతూ చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు. ఎన్నింటికి ముగుస్తుందో సరిగ్గా చెప్పమన్నాడు. పది ముప్పైకి అని చెప్తే, గడియారం చూస్తూ నిలబడి, పది ముప్పై ఒకటికి బటన్ నొక్కాడు. రాహుకాలాన్ని అంత కచ్చితంగా పాటించిన మనిషిని నేను మిర్యాలగూడలో మళ్ళీ చూడలేదు.

మొదటిసారి గింజలన్నీ ఒకే గొట్టంలోంచి వచ్చి పడ్డాయి. "గిదేంది, అన్నీ గాడనే పోసింది?" అన్నది పెద్దసేటమ్మ. సేటు నిట్టూర్చాడు. హమాలీలు ఒకరినొకరు చూసుకున్నారు. జపాన్ సార్ మాత్రం ఏమీ విననట్టే, తెర మీద నాన్న పండించిన గింజ బొమ్మను పెద్దది చేసి, సన్నగింజ బొమ్మను పక్కన పెట్టి, అంకెలు మార్చాడు, మళ్ళీ మార్చాడు. నన్ను పిలిచి గింజలు పోయమన్నాడు. బకెట్‌తో పోశాను. టపటపమని గాలి చప్పుడు మొదలైంది. పెద్ద గొట్టంలోంచి సన్నబియ్యం ధారగా పడుతుంటే, పక్కనున్న చిన్న గొట్టంలోంచి ఒకటి, రెండు, ఆ తర్వాత జలజలా పొట్టి లావు గింజలు! పెద్దసేటమ్మ దోసిలి పట్టింది. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని ఒక్కో గింజా జరిపి చూసింది. "ఒక్క సన్నగింజ గూడ లేదురా!" అని అరిచింది. నేనూ అరిచాను. ఇంజనీరునన్న సంగతి మరిచిపోయి ఎగిరాను కూడా. హమాలీలు ఈలలు వేశారు. సేటు చిన్న గొట్టం కింద చెయ్యి పెట్టి, పెద్ద గొట్టం కింద చెయ్యి పెట్టి, మళ్ళీ చిన్న గొట్టం కింద పెట్టి, ఆఖరికి జపాన్ సార్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఒకటి గాదు, రెండు మిషన్లు కావాలె. మోతె ఊర్ల మా తమ్ముని మిల్లుకు గూడ. చెప్పు బిడ్డా, గట్టిగ చెప్పు!" గట్టిగానే చెప్పాను. మిల్లు చప్పుడును మించి వినిపించిందట, గేటు బయటి నుంచి డ్రైవరన్న పరుగెత్తుకొచ్చాడు.

ఆ బియ్యంతో పెద్దసేటమ్మ బెల్లం వేసి పరమాన్నం వండింది. ముద్దగా, మెత్తగా, పాలన్నీ పీల్చుకుని ఎంత బాగా కుదిరిందంటే, "గింత మంచి పరమాన్నం మా సన్నబియ్యం తోని ఏనాడన్న అయిందా" అని ఆవిడే ఒప్పుకుంది. ముందు దేవుడికి, తర్వాత మిషన్‌కు, తర్వాత జపాన్ సార్‌కు పెట్టింది. ఆయన ఒక చెంచా తిని, కళ్ళు తుడుచుకుని, ఫోన్లో నాన్నకు చూపించాడు. వెళ్ళేటప్పుడు ఆవిడ చిన్న సంచిలో పాత బియ్యం కట్టి, "మీ నాయినకియ్యి. ఏదో, మా ఇంట్ల ఉన్నయ్" అన్నది. "మా ఇంట్లో ఉన్నవాటిల్లో అన్నిటికన్నా మంచివి అంటున్నారు" అని నేను చెప్పాను. ఆయన రెండు చేతులా పుచ్చుకున్నాడు.

మేనేజర్ ఫోను సాయంత్రం ఐదింటికి వచ్చింది. ఆ తర్వాత సూర్యాపేట బస్సు ఎక్కాను. సీటు దొరకలేదు, కమ్మీ పట్టుకుని నిలబడి నాలో నేనే నవ్వుకుంటున్నాను. టికెట్ కొట్టడానికి వచ్చిన కండక్టర్ (అప్పటికింకా ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం రాలేదు) "ఏందమ్మా, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అన్నాడు. "ఉద్యోగం పర్మనెంట్ అయిందన్నా!" అన్నాను, బస్సులో సగం మందికి వినపడేలా. "గవర్నమెంటా?" "కాదన్నా, ప్రైవేటు." "ప్రైవేటుల పర్మనెంట్ ఏందమ్మా!" అని నవ్వి, టికెట్ నా చేతిలో పెట్టి ముందుకు పోయాడు.

ఆయన అన్నదే నిజమైంది. ఆ తర్వాత నేను మూడు కంపెనీలు మారాను, నాలుగోదీ ఎన్నాళ్ళో తెలియదు. అయినా ఆ సాయంత్రం అప్పటి నేను, ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల, చివ్వెంలలో దిగి, చీకటి పడ్డా ఆగకుండా నాయన్ని వెతుక్కుంటూ బస్టాపు దాటి పరుగెత్తిందే, ఇప్పుడు ఎదురుపడితే కండక్టర్ మాట నిజమేనని దానికి చెప్పడానికి నాకు నోరు రాదు.