ఫోన్‌ని అడిగిన మాట

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని. పాఠాల వీడియోలు, వంటలు, గ్యాస్ బుకింగ్, ఏ సైట్ అయినా నాకు ఒకటే మెయిల్ ఐడీ. అత్తయ్యకు ఫోన్ కొన్నప్పుడు కూడా రెండోది ఎందుకులే అని అదే పెట్టాను. ఆమెకు టైపు చేయడం రాదు. మైకు గుర్తు నొక్కి, మనిషితో మాట్లాడినట్టే ఫోన్‌తో మాట్లాడుతుంది.

పోయిన శ్రావణంలో అత్తయ్య, నేను పెంచుకున్న సన్నజాజి తీగ పీకేసి ఆ చోట మిరప నారు నాటింది. నాకు ఒళ్ళు మండి ఆమెతో మాట్లాడడం మానేశాను.

ఆ రోజుల్లోనే ఒకసారి తొమ్మిదో తరగతికి గుండె పాఠం చెప్పాలి. పెద్ద స్క్రీన్ మీద నా మెయిల్‌తో లాగిన్ అయి, వీడియో వెతకబోయాను. అంతకుముందు వెతికినవి వరసగా కిందికి దిగాయి. అన్నిటికన్నా పైదాన్ని ముందు బెంచీ అమ్మాయి గట్టిగా చదివేసింది.

"అలిగిన కోడలితో ముందు ఎట్టా మాట్లాడాలి."

క్లాసంతా గొల్లుమంది. పాఠం వినడానికొచ్చిన హెడ్మాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పిల్లలు నవ్వుతూనే ఉన్నారు, నాకు మాత్రం అత్తయ్య గొంతే వినిపిస్తోంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె నారుకు నీళ్ళు పోస్తోంది.

"ఎప్పటికి కాస్తాయి అత్తయ్యా?" అన్నాను.

ఆమె చెంబు కింద పెట్టేసింది.

"నువ్వే మాట్లాడావా అమ్మా? నేను రోజూ ఆ ఫోన్ని అడుగుతానే ఉన్నా. అదేందో సరిగ్గా చెప్పట్లా."

ఆ రాత్రే మావారు ఆమె ఫోన్‌కి వేరే మెయిల్ పెట్టారు. నేనే పెట్టమన్నాను. ఇకమీద ఆమె ఫోన్ని అడిగేవి నాకు కనపడవు, ఏదడిగినా నన్నే అడగాలి.