డబ్బాలో ఒకే స్పూను

మా ఇంటి ఆడవాళ్ళు సైకిలెక్కింది నా షుగర్ వల్ల. డాక్టర్ రోజూ నడవమన్నాడు. ఆత్మకూరు వీధుల్లో తెల్లవారుజామున నడవబోతే కుక్కలు వెంటపడ్డాయి. నాలుగో రోజుకే నడక మానేసి ఇంట్లో కూర్చున్నాను. నా తోడికోడలు ఊరుకోలేదు. పిల్లలు చదువులకు పోతూ వదిలేసిన రెండు గేరు సైకిళ్ళూ దుమ్ము దులిపి గాలి కొట్టించి, "లే అక్కా, సైకిల్ మీదైతే కుక్కలేం జేస్తాయి?" అంది. సైకిల్ కనిపిస్తే కుక్కలు ఇంకా గట్టిగా తరుముతాయని ఇద్దరికీ మర్నాడే తెలిసింది. కానీ అప్పటికే రుచి మరిగాం.

"సెట్టిగారి కోడళ్ళకు పిచ్చి పట్టిందంట" అని బజారంతా నవ్వింది. నవ్వడానికి వచ్చినవాళ్ళు ఊరికే పోలేక మా అంగడిలో కందిపప్పో బెల్లమో కొనుక్కుపోయేవారు. దాంతో ఇంట్లో మగవాళ్ళు నోరెత్తలేదు.

ఆదివారాలు దూరం పోయేవాళ్ళం. అనుమసముద్రంపేట దర్గా దాకా, తర్వాత దుత్తలూరు దాకా. ఆమె పులిహోర కలిపి ఒకే డబ్బాలో పెట్టేది. స్టీలు స్పూన్లు గతుకుల్లో గలగలమంటే నాకు తలనొప్పి. అందుకని తన పుట్టింటి ఊరు ఉదయగిరి నుంచి చెక్క స్పూన్లు రెండు తెచ్చింది, అక్కడి పనివాళ్ళు చెక్కినవి. రోడ్డు పక్కన కూర్చుని డబ్బా తెరవగానే స్పూనుతో పులిహోర మధ్యలో గీత గీసేది. అటు ఆమెది, ఇటు నాది. నేనెప్పుడూ గీత దాటేదాన్ని, వేరుశనగ పప్పులు ఆమె వైపే ఎక్కువున్నట్టు అనిపించేది. "నీకు షుగర్ కాదక్కా, ఆశ" అని తిట్టేది.

నెల్లూరు సైకిల్ వాళ్ళు ఏటా పెట్టే పెద్ద రైడు గురించి మాకు తెలిసింది అప్పుడే. శ్రీశైలం కొండ దాకా పోయి రావాలి, ఆరువందల కిలోమీటర్లు, నలభై గంటలు. రూల్స్ కాగితం అంగడిలో కూర్చుని ఇద్దరం పరీక్షకు చదివినట్టు చదివాం. పోతే ఇద్దరం పోవాలి, లేకపోతే లేదు అనుకున్నాం.

ఇంతలో అంగడి బోర్డు మార్చాల్సి వచ్చింది. అన్న పేరు ముందా, తమ్ముడి పేరు ముందా అన్న దగ్గర మొదలై, మా ఆయన, మరిది ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. ఒక పగటిపూటలో ఇల్లు రెండయింది. గిన్నెలు గబగబా గోతాల్లో కట్టుకుని వాళ్ళు ఉదయగిరి పోయారు, అక్కడే అంగడి పెట్టారు. మా ఇద్దరినీ మాట్లాడుకోవద్దని ఎవరూ అనలేదు. తను ముందు ఫోన్ చేయాలని నేను, నేను చేయాలని తను. ఏడాదిన్నర అట్లాగే గడిచింది. వంటింట్లో నా వెనక ఎవరూ పాట పాడకపోవడానికి నేను ఇప్పటికీ అలవాటు పడలేదు.

ఈ ఏడు ఆ సైకిల్ వాళ్ళే మా వైపు కొండ రైడు పెట్టారు. ఆత్మకూరులో బయలుదేరి దుత్తలూరు, ఉదయగిరి దాటి, వెలిగొండల ఘాటెక్కి, అదే దారిన తిరిగి రావాలి. రెండువందల కిలోమీటర్లు, పదమూడున్నర గంటలు. ఇది టైములోగా ముగిస్తేనే పెద్ద రైడుకు పేరు తీసుకుంటారు. ఒక్కదాన్నే పేరిచ్చాను. దారి మ్యాపు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. నా స్టేటస్ చూసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. పెద్ద రైడుకు రమ్మని ఉదయగిరిలో ఆమెను అడగాలి. నేను తొక్కింది దానికోసమే.

బయలుదేరేటప్పుడు మా ఆయన, "ఉదయగిరిలో మాత్రం ఆగబాక" అన్నాడు.

"ఆగేదానికి నాకు టైమేది?" అన్నాను. అబద్ధమే.

దుత్తలూరు టీ అంగడి దగ్గర నా రైడు కార్డు మీద మొదటి ముద్ర వేశారు. పది గంటలకు ఉదయగిరి బజారులోకి వచ్చాను. మరిది అంగడి తెరిచి ఉంది. గల్లా దగ్గర ఆయన నన్ను చూసి, త్రాసు తుడవడం మొదలుపెట్టాడు. మేడ మీద కిటికీ మూసి ఉంది. కావాలని బెల్లు కొట్టాను, రెండుసార్లు. కిటికీ తెరుచుకోలేదు.

ఘాట్ మొత్తం కోపంతోనే ఎక్కాను. కోపానికి ఒక మంచి గుణం ఉంది, మోకాళ్ళ నొప్పి తెలియనివ్వదు. కొండపైన రెండో ముద్ర వేయించుకునేసరికి కోపం దిగిపోయింది, దిగులు మిగిలింది. నన్ను మర్చిపోయిందనుకున్నాను. ఎండలో ఒక బండ నీడన కూర్చుని ఏడ్చాను కూడా. చూసినవాళ్ళు కాళ్ళు పట్టేశాయనుకుని ఉంటారు.

తిరిగొస్తుంటే, ఉదయగిరికి రెండు కిలోమీటర్ల ముందు, రోడ్డు పక్కన గొడుగేసుకుని నిలబడి ఉంది. సన్నబడింది. సైకిల్ ఆపాను కానీ దిగలేదు. ముందు ఆమె చేతుల వైపు చూశాను. గొడుగు తప్ప ఏమీ లేదు. అంత ఎండలో కొండెక్కి దిగి వస్తే గ్లాసు మజ్జిగ కూడా తేలేదా అని నా ముఖం మాడిపోయింది. ఆమె కనిపెట్టింది.

"ముద్ర వేసే చోట తప్ప రోడ్డు మీద ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు కదక్కా. కార్డు చెల్లకుండా పోతాది. రూలు మర్చిపోయినావా? దుత్తలూరు టీ అంగడికి బస్సులో పోయి డబ్బా ఇచ్చి వచ్చినాను. అక్కడైతే తినొచ్చు. నువ్వు పొద్దున పోయేటప్పుడు ఆ బస్సులోనే ఉండాను."

నేను సైకిల్ దిగాను. వీధిలో నిలబడి కౌగిలించుకునే అలవాటు మా ఇళ్ళలో లేదు. నా కొంగు సర్దబోయి, నేను చీరలో లేనని గుర్తొచ్చి, నా హెల్మెట్ పట్టీ సర్దింది.

"నీ సైకిలో?" అన్నాను.

"ఉండాది. ఒక్కదాన్నే ఏం ఎక్కేది?"

"పెద్ద రైడుకు ఈసారి రా. ఇద్దరం పోదాం."

ఆమె నా చేతి గడియారం వైపు చూసి, "టైము పోతా ఉండాది, ఎక్కు" అంది. ఎక్కాను. వెనక్కి చూస్తే గొడుగు ఇంకా అక్కడే ఉంది.

దుత్తలూరులో ముద్ర వేయించుకుని డబ్బా తీసుకున్నాను. మూత తీస్తే పులిహోర, నిండుగా. మధ్యలో గీత లేదు. స్పూను ఒకటే ఉంది. డబ్బా అడుగు దాకా వెతికాను, రెండోది లేదు. అదే ఆమె జవాబు అనుకున్నాను, నువ్వొక్కదానివే పో అని. సగం తిని అలవాటుగా ఆగిపోయాను. తర్వాత ఆ సగం కూడా తిన్నాను, ఖాళీ డబ్బా సైకిల్ సంచిలో వేసుకున్నాను. ఆత్మకూరు చేరేసరికి ఇంకా పద్దెనిమిది నిమిషాలు మిగిలున్నాయి. కార్డు మీద చివరి ముద్ర వేసి అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సంతోషం రాలేదు.

మర్నాడు చారుకు పోపు పెట్టబోయి ఆవాల డబ్బా తెరిచాను. అందులో ఉంది రెండో చెక్క స్పూను. ఆ గోతాలు కట్టిన రోజు నుంచీ అక్కడే ఉంది, రోజూ దాంతోనే ఆవాలు తీస్తున్నాను. ఏడాదిన్నరగా నా చేతిలోనే ఉన్నదాన్ని ఆమె డబ్బాలో వెతికాను. ఆమె దగ్గరున్నది ఒకటే. ఆ ఒక్కటీ నాకు పంపేసింది. పొయ్యి మీద నూనె మాడి పొగొచ్చేదాకా అట్లాగే నిలబడ్డాను.

ఖాళీ డబ్బా తిరిగివ్వడం మా ఇళ్ళలో లేదు. ఈరోజు ఆదివారం. తెల్లవారకముందే లేచి పులిహోర కలిపాను. ఆమెకు కుదిరినట్టు నాకు కుదరదు, పులుపు ఎక్కువైంది. మా ఆయన వంటింటి గడపలో నిలబడి డబ్బా వైపు చూశాడు. అది ఎవరిదో ఆయనకూ తెలుసు.

"ఉదయగిరికేనా?" అన్నాడు.

"ఆగేదానికే పోతా ఉండాను" అన్నాను.

ఆమె మేడ మీంచి సైకిల్ దించుతుందో లేదో నాకు తెలియదు. రెండు స్పూన్లూ డబ్బాలో పెట్టాను. మూత పెట్టే ముందు పులిహోర మధ్యలో గీత గీశాను. వేరుశనగ పప్పులన్నీ ఏరి ఆమె వైపు వేశాను.