మేకముఖం సింహం

అబ్దుల్ సత్తార్‌కు కోపం వస్తే తెర దించేస్తాడు. ముందు తెర దించడం, తర్వాత తిట్లు. కోపం రాని సమయమంటూ ఉంటే అది ఆయన నిద్రపోయేటప్పుడేనని ప్రొద్దుటూరు వాళ్లు అంటారు. భార్య అమీనాబీ అదీ ఒప్పుకోదు.

"యాడ? నిద్దట్లో గూడా 'తాడు వదలండ్రా' అని నా దుప్పటి లాగేస్తాడు!"

అమీనాబీ ఇలాంటివి చెబుతుంటే పక్కింటి మైమూన్ పడీపడీ నవ్వేది. సత్తార్ అప్పట్లో నాటకాల కంట్రాక్టరు. నాటక సమాజాలను పిలిపించి, డేరా వేసి, పెట్రోమాక్సు లైట్లు పెట్టి పద్యనాటకాలు ఆడించేవాడు. ఆయన తెర మీద రాజదర్బారు బొమ్మ ఉండేది. సింహాసనం పక్కనున్న సింహానికి మాత్రం అచ్చం మేకముఖం. ఆ మాట పైకి అన్నవాడికి ఆ రోజు నాటకం లేదు.

జమ్మలమడుగులో ఒకసారి రాజు వేషంలో సీతాపతి పద్యం ఎత్తుకున్నాడు. ఆయన గొంతు విప్పితే పెన్న అవతలి గట్టున పడుకున్నవాళ్లు కూడా లేచి కూర్చోవాల్సిందే. రెండో పాదం దగ్గర తెర దబ్బున పడింది. సత్తార్ దాని ముందుకు దూకాడు.

"ఎవడప్పా నా డేరాలో ఉమ్మింది?"

ముందు వరుసలో ఒక ఆసామి బిత్తరపోయాడు. "నేను ఉమ్మలేదు సాయిబూ!"

"ఉమ్మకుంటే నీ నోట్లో వక్క ఏమైంది?"

"మింగినా."

"వక్క మింగే మొగోన్ని ఇంతవరకు చూల్లేదు! లేచి నిలబడు, అందరూ చూస్తారు!"

జనం శనక్కాయ తొక్కలు సత్తార్ మీదికి విసిరారు. "తెర ఎత్తరా పిచ్చోడా!" అన్నారు. ఆయన ఆసామి వంశమంతా దులిపి, తీరిగ్గా తెర ఎత్తించాడు. సీతాపతి పద్యం మొదటినుంచి పాడితే 'వన్స్‌మోర్' అని డేరా అదిరిపోయింది. మర్నాడు ఊరంతా ఒకటే మాట: సీతాపతి బంగారం, సత్తార్ పిచ్చోడు.

పులివెందులలో ఇంకా ఘోరం. నాగరత్నమ్మ రాణి వేషంలో ఏడుస్తుంటే తెర దించి జనం మీద పడ్డాడు. "రాణి ఏడుస్తాంటే మీరు మరమరాలు తింటారా? మీ ఇండ్లల్లో ఎవురూ ఏడవరా?" ఆ రోజు ఆయన మీదికి మరమరాలే వచ్చాయి.

తర్వాత టూరింగు టాకీసులు వచ్చి నాటకాలను మింగేశాయి. డేరా, కిరీటాలు అమ్ముడుపోయాయి. మేకముఖం సింహాన్ని ఎవరూ కొనలేదు. కోపాన్ని కూడా కొనేవాడు లేడు. కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో ఆ రెండింటికీ పని దొరికింది. సత్తార్ రాజకీయాల్లో దిగాడు. మీటింగు ఎక్కడైనా తెర కట్టేవాడు. సొంత పార్టీ నాయకుడు ఉపన్యాసం సాగదీసినా దించేసేవాడు. అందుకే ఏ పార్టీలోనూ ఉగాది నుంచి ఉగాది దాకా నిలవలేదు.

ఆఖరికి ఆయన కోపమంతా తానుండే మగ్గాల వీధి బావి దగ్గరికి వచ్చి ఆగింది. పక్క వీధిలో ఒక ఆసామి పాడి ఎనుములు కొళాయి నీళ్లు తాగేవి. మగ్గాల వీధి పిల్లలు బావి అడుగు బురద తాగి వాంతులు చేసుకునేవారు. మైమూన్ తన బిడ్డను భుజాన వేసుకుని జమ్మలమడుగు ఆసుపత్రికి పరుగెత్తింది. బిడ్డ దక్కాడు. "నీళ్లు కాచి తాపు" అంది డాక్టరమ్మ. అన్నం వండే కట్టెలకే దిక్కులేదు. అప్పటినుంచి బిడ్డకు తాపే ప్రతి గ్లాసునూ మైమూన్ వెలుతురుకెత్తి చూసేది. చూస్తే కనపడే జబ్బయితే కదా!

కర్నూలు నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. "నువ్వే మాట్లాడల్ల," అన్నాడు సత్తార్ మైమూన్‌తో.

"నేనా? మా ఇంటాయనతోనే ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు మామా!"

"నేను మాట్లాడితే తిట్లంటారు. నువ్వు మాట్లాడితే నిజమంటారు. ఏదీ, చెప్పు... గట్టిగా! ఆ ఎనుముకు గూడా వినపడల్ల!"

"ఒక్క షరతు. నా మాట మధ్యలో తెర దించితే జన్మలో నీ ముఖం చూడను."

"అమీనా మీద ఒట్టు, దించను."

"నన్నేల చంపుతావయ్యా," అంది లోపలినుంచి అమీనాబీ. "నీ సింహం మీద పెట్టుకో!"

ఆఫీసరు వచ్చి, సత్తార్ కట్టించిన తెర ముందు కుర్చీలో కూర్చున్నాడు. బంట్రోతు ఫ్లాస్కులోంచి ఆయనకు కాచిన నీళ్లు పోశాడు. మైమూన్ మైకు ముందు నిలబడింది.

"అయ్యా, మా బాయిలో..."

అంతే. మాట పోయింది. ఎదురుగా జనం. ఎవడో కిసుక్కుమన్నాడు. ఆఫీసరు గడియారం చూసుకుని లేవబోయాడు.

దబ్బున తెర పడింది.

"ఎవడప్పా ఈ మైకు పెట్టింది?" బయట సత్తార్ ఆఫీసరు దారికి అడ్డంగా నిలబడి రంకెలేస్తున్నాడు. "ఆడబిడ్డ మాట్లాడతాంటే గుర్రుమంటాది! మైకా, పందా?" జనం ఈలలేశారు. పిచ్చోడన్నారు. పోలీసు ఆయన మెడ మీద చెయ్యి వేశాడు.

తెర వెనక మైమూన్‌కు ఒళ్లు మండిపోయింది. "ఒట్టు తినేసినాడు! మైకు బాగానే ఉంది గదా!"

తెర తాడు పట్టుకున్న ఒకప్పటి రాజు వేషగాడు సీతాపతి ఆమెకు గ్లాసు అందించాడు. "నీళ్లు తాగమ్మా. 'మా బాయిలో' కాడ ఆగినావు. తొందరేం లేదు, సాయిబు ఇంకొంచెంసేపు తిట్లు తింటాడు."

"తప్పు నాదైతే ఆయనేల తినల్ల?"

"జమ్మలమడుగులో ఆ వక్కాయన ఉమ్మనే లేదు తల్లీ. నేను పద్యం మర్చిపోయినా. ఈ పొద్దుటికీ ఒక్కరికి తెల్దు. పులివెందులలో నాగరత్నమ్మకు ఆ రోజు నిజంగానే ఏడుపొచ్చింది. అదీ ఎవురికీ తెల్దు."

మైమూన్ గ్లాసులోకి చూసింది. బావి నీళ్లు. ఆమె తాగలేదు.

"తెర ఎత్తు పెద్దాయనా."

తెర లేచింది. మైకు దాటి ఆమె నేరుగా వచ్చి గ్లాసు ఆఫీసరు ముందు పెట్టింది.

"మొదట ఇవి తాగండయ్యా. మా బిడ్డలు తాగేవే. తర్వాత మాట్లాడతా."

ఆఫీసరు ఫ్లాస్కు వైపు చూశాడు, గ్లాసు వైపు చూశాడు, కూర్చున్నాడు. మెడ పోలీసు చేతిలో ఉన్నా సత్తార్ గొంతు ఆగలేదు. "వన్స్‌మోర్!"

వానలకు ముందే కొళాయి వచ్చింది. సత్తార్ దానికీ తెర కట్టించాడు. తెర లేచింది, నీళ్లు దూకాయి. "మాట్లాడు సాయిబూ!" అని వీధంతా అరిచింది. సత్తార్ మైకు ముందుకు వచ్చాడు. మైమూన్ బిడ్డ దోసిలి పట్టి తాగడం చూశాడు. నోరు తెరిచాడు. జన్మలో మొదటిసారి ఆయనకు మాట రాలేదు. వెనక ఎవడో నవ్వబోయాడు.

"తెర దించండి!"

ఆ కేక సత్తార్‌ది కాదు. మేకముఖం సింహం దబ్బున దిగింది. బిడ్డను చంకనేసుకుని మైమూన్ దాని ముందుకు దూకింది.

"ఎవడప్పా కొళాయి కాడ ఉమ్మింది?"

ముందు వరుసలో ఒకాయన బిత్తరపోయాడు. "నేను కాదమ్మా!"

"మరి నీ నోట్లో వక్క ఏమైంది?"