ముందు నాకు ఫోన్ చేయండి

తమిళనాడు కోవిల్‌పట్టిలో ఆంబులెన్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో మా చుట్టాలు నన్ను వేళాకోళం చేయని రోజు లేదు. నర్సింగు చదివి ఆసుపత్రిలో నీడపట్టున ఉండక, శవాల బండిలో తిరుగుతోందట అనేవారు. ఆ బండి వేరు, మా బండి వేరు అని చెప్పీ చెప్పీ విసిగిపోయాను. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఎప్పటికైనా వీళ్ల నోళ్లు మూయించాలని కాచుకుని ఉన్నాను.

ఏళాయిరంపన్నై దగ్గరి పల్లెలో మా పెద్దమ్మ మనవరాలికి చెవులు కుట్టించినప్పుడు ఆ అవకాశం దొరికింది. భోజనాలయ్యాక ఎవరో పక్షవాతం మాట ఎత్తారు. ఇక నేను ఆగుతానా! మూతి ఒక పక్కకు వంకరపోయినా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా అనుమానించాలని చెప్పాను. వెంటనే టైము రాసుకోవాలి, గుక్కెడు నీళ్లు కూడా తాగించకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నాలుగున్నర గంటలలోపు మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడితే మనిషి మళ్లీ నడవవచ్చు. అందరి చేతా చేతులెత్తించాను. పెద్దమ్మ అందరికన్నా ముందు ఎత్తి, "మా బిడ్డ దాక్టరమ్మ మాదిరి చెప్తాది, చూడండి!" అని మురిసిపోయింది.

అక్కడితో ఆపితే నా సొమ్మేం పోయేది? "ఏమొచ్చినా ముందు నాకు ఫోన్ చేయండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. బండి కంట్రోల్ రూము పంపిన చోటికే పోతుంది కానీ నేను పిలిస్తే రాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అన్నాను. నన్ను ఎగతాళి చేసినవాళ్లే నా నంబరు ఎక్కించుకుంటుంటే ఎంత సంబరపడ్డానో, నా బుద్ధి కాల!

ఏడాది తిరగలేదు. ఒక పొద్దున సాత్తూరు దగ్గర నాలుగు లైన్ల రోడ్డు మీద బైకు అతన్ని లారీ గుద్దింది. బండిలో అతని తొడ మీద గాయాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉంటే నా ఫోను మోగింది. సీటు మీదే ఉంది, పేరు కనబడింది. తమ్ముడు, అంటే పెద్దమ్మ కొడుకు. మినుము కోతకు కూలీలు దొరకలేదని వాపోవడానికి అయి ఉంటుందిలే అనుకున్నాను. చేతులు తీస్తే అతను దక్కడు, కాబట్టి ఎత్తకపోవడం తప్పు కాదు. విరుదునగర్ ఆసుపత్రిలో అతన్ని అప్పగించాక ఇంకో కేసు వచ్చింది. అదీ అయ్యాక టీ కూడా తాగాను. ఒంటి గంటకు ఫోను చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్.

చేస్తే మరదలు ఎత్తింది. "వదినా, అత్తకి మూతి కోణిపోయినాది, కుడి చెయ్యి లేయలే. ఎనిమిదీ యాబైకి. కేలెండర్లో రాసిపెట్టినాము. నీళ్లు గూడా ఇయ్యలే. పక్కకి తిప్పి పండబెట్టినాము, అంతా నువ్వు చెప్పినట్టే. నీ ఫోను కోసరమే కూచోనుండాము" అంది.

"బండి నంబరు 108కి కొట్టాలని తెలీదా మీకు!" అని దాని మీద అరిచాను. తప్పు నాది, కేకలు దాని మీద.

పెద్దమ్మను విరుదునగర్ తెచ్చేసరికి రెండున్నర. ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. మా తమ్ముడు కేలెండరు కాగితం చింపి తెచ్చి ఇచ్చాడు. "ఇంత సరిగ్గా రాసినవాళ్లు ఇంతసేపు ఏం చేశారు?" అని డాక్టరు తమిళంలో అడిగాడు. తమ్ముడు తల వంచుకున్నాడు. పక్కనే యూనిఫాంలో ఉన్న నేను నోరు మెదపలేదు. ఆ ఇంజెక్షన్ ఇచ్చే వేళ దాటిపోయింది.

పెద్దమ్మ బతికింది. కుడి చెయ్యి రాలేదు, మాటా రాలేదు. నెలకోసారి వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లు తలరాత అనేవారు. నేను అవునని తలూపేదాన్ని. ముందు నాకు చేయమనడం తప్పని ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే పెద్దమ్మ సంగతి ఒప్పుకోవాలి కదా.

రెండేళ్ల తరువాత మరదలు మళ్లీ ఫోన్ చేసింది. తమ్ముడు పత్తికి పురుగుమందు కొట్టి వచ్చాడట, ఒళ్లంతా చెమట, నోట్లో నురగ. ఈసారి నా చేతులు ఖాళీగా ఉన్నాయి, ఎత్తాను. "బండి నంబరుకు చేశావా?" అంటే, "ముందు నీకే కదా వదినా చెయ్యమన్నావు" అంది. ఇది పెట్టేసి ముందు దానికి కొట్టమని, తరువాత గుడ్డలు విప్పేసి సబ్బుతో ఒళ్లు కడగమని చెప్పాను. బతికి బట్టకట్టాడు.

మూడో రోజు వార్డులో గంజి తాగుతున్న తమ్ముడితో అంతా చెప్పేశాను. అమ్మ అలా కావడానికి నేనే కారణమన్నాను.

"తెలుసక్కా. ఆ పొద్దు దాక్టరు అడిగినప్పుడే తెలిసిపాయ. ఇంటిదానికి గూడా చెప్పలే" అన్నాడు.

"మరి నన్ను ఒక్క మాట అనలేదేం రా?"

"అమ్మ అననిస్తేనా? నీ మాట ఎత్తితే చాలు, ఎడమ చేత్తో నా నోరు మూసేస్తాది."

రెండేళ్లు ఆమె అలా నన్ను కాపాడుకుంది. నేనేమో ఆమె పక్కనే కూర్చుని, తలరాత అంటే అవునంటూ వచ్చాను.