కడపటి బిందె

మా ముత్తాత, తాత పుంగనూరు దగ్గరి మా ఊరికి మునసబులు. మా నాన్న పదిహేనేళ్ళు సర్పంచి. మా ఇంటి బిందె నిండిన తర్వాతే ఊరు నీళ్ళు తోడుకునేది. తొంభైలలో ఆ పదవిని ఆడవాళ్ళకు కేటాయించారు. మా గొర్రెలు మేపినవాడి కోడలు సర్పంచి అయింది.

ఆమె గొంతు పెంచేది కాదు. చెయ్యెత్తి, "వరసప్పా, వరస" అనేది. జనం సర్దుకునేవారు. మా నాన్న మాట సాగడానికి ఇద్దరు తలారులు కేకలు వేయవలసి వచ్చేది.

బోర్లు ఎండిపోయిన ఒక వేసవిలో ట్యాంకరు నీళ్ళే ఊరికి దిక్కయ్యాయి. ఒక ఉదయం మా ఇత్తడి బిందెను వరసలో అందరికంటే ముందు పెట్టాను. ఆమె దాన్ని ఎత్తుకెళ్ళి చివర పెట్టి, దాని వెనక తన ప్లాస్టిక్ బిందె పెట్టుకుంది.

"మా బిందె యాడుండాలో నీకు తెలీదా?" అన్నాను.

"తెలుసప్పా. నాదానికంటే ముందరే గదా పెట్టినా," అని నవ్వింది.

నా బిందె నిండగానే ట్యాంకరు ఖాళీ అయింది. ఆమె వట్టి బిందె చంకనెత్తుకుంది.

"యాడికి పోతాండావు మ్మే, ఈడ పెట్టు," అంటూ ఒక ముసలమ్మ తన బిందెలోంచి చెంబుతో ముంచి పోసింది. వెనకే ఇంకొకామె పోసింది. ఎవరూ చెప్పకుండానే ఆ ప్లాస్టిక్ బిందె నిండి పొర్లింది. నేను నా నిండు బిందె పక్కన నిలబడి ఆమె బిందెకేసే చూస్తూ ఉండిపోయాను. మా ఇంటికి ఊరు ఎన్నో తెచ్చి ఇచ్చింది. అడగకుండా ఇచ్చినది ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆమె మీద నాకు ఇప్పటికీ అసూయే.

మా ఇత్తడి బిందెను మరుసటి ఏడాది మదనపల్లెలో పాత్రల అంగట్లో తూకానికి అమ్మేశాను.