కొలువులో నడిచిన కోడి

ఇటు వచ్చి కూర్చో. అలా మంచం అంచున సగం లేచిపోయినట్టు కాదు, గోడకి ఆనుకుని సరిగ్గా కూర్చుని విను. ఫోనులో రాసుకుంటానన్నావుగా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ తెలివితేటలు కలపకు. పొద్దున నువ్వూ నీ చెల్లీ ఆ ఎర్రకారు కోసం పోట్లాడుకోవడం వంటింట్లోకి కూడా వినపడింది. నీ అలమర్లో ముప్పైనాలుగు కార్లున్నాయి, ఒక్కదానికీ ప్లాస్టిక్ విప్పలేదు. విప్పితే విలువ పోతుందని నువ్వంటావు. ఒక్కసారి నేల మీద దొర్లించి ఇచ్చేస్తానని అదంటుంది. చివరికి అమ్మమ్మా నువ్వు చెప్పు అని ఇద్దరూ నా మీదికి తోశారు. నేనేం జడ్జీని కాదు. నాకు జరిగిందొకటి చెబుతాను, ఆ తరవాత నీ ఇష్టం.

నా చిన్నప్పుడు మాది మగ్గం ఉన్న ఇల్లు. కంకిపాడు దాటి బందరు కాలవ పక్కగా లోపలికి పోతే మా నేతవాళ్ళ వీధి. తెల్లారేసరికి వీధి పొడుగునా మగ్గానికెక్కించే పడుగు నూలు పరిచి గంజి పట్టించేవాళ్ళు. ఆ గంజి వాసనలోనే మేం నిద్ర లేచేవాళ్ళం. గంజి ఉంటేనే నూలు మగ్గం మీద తెగకుండా నిలబడుతుంది. మగ్గం మీద కూర్చునేది పెద్దవాళ్ళు, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది పిల్లలు. పక్కింటి అక్క నాకు ఆ పని నేర్పింది. నూలు ఎంత బిగించాలో, ఎక్కడ వదులు చెయ్యాలో నా వేళ్ళు పట్టుకుని చూపించింది. ఒక ఎండాకాలం అంతా ఆటకి పోకుండా కండెలు చుట్టాను. ముడి పడిన కండె ఒక్కటి కూడా నా చేతి నుంచి రాలేదని మా నాన్న నలుగురిలో చెప్పాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ మాటకే నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

దసరాకి ముందు మా నాన్న చీరల మోపు భుజాన వేసుకుని బస్సులో బెజవాడ వెళ్ళాడు. వచ్చేటప్పుడు వన్ టౌన్‌లో నాకో బొమ్మ కొనుక్కొచ్చాడు. రేకు కోడిపెట్ట. పసుపురంగు అట్టపెట్టె, మూత మీద కోడి బొమ్మ, ముందువైపు గాజుకాగితం. ఆ కాగితంలోంచి చూస్తే లోపల కోడి ఎర్ర జుట్టుతో నన్నే చూస్తున్నట్టుండేది. దాని కీ పక్కనే దారంతో కట్టి ఉండేది. షాపువాడు ఇంకో కోడికి కీ ఇచ్చి బల్ల మీద వదిలితే, అది టకటకా గింజలేరుకుంటూ బల్ల చివరిదాకా నడిచిందట. మా నాన్న ఆ నడక తన మెడ ఊపుతూ చేసి చూపించాడు. నేను మాత్రం పెట్టె విప్పనివ్వలేదు. విప్పితే చెయ్యి తగులుతుంది, చెయ్యి తగిలితే మాసిపోతుంది, మాసిపోతే ఇక కొత్తదెలా అవుతుంది. నా చెమటకి వచ్చిన బొమ్మ అది. కొత్తదిగానే ఉండాలని నా పట్టుదల.

దసరాకి మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు. మా నాయనమ్మ కొండపల్లి బొమ్మల్నీ మట్టిబొమ్మల్నీ పాత పంచెముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాచేది. పండగ వచ్చేసరికి ఒక్కోటీ విప్పి తుడిచి మెట్ల మీద సర్దేది. ఆ ఏడాది అన్నిటికన్నా పై మెట్టు మీద నా కోడిని పెట్టించాను, పెట్టెతో సహా. పేరంటానికి వచ్చినవాళ్ళు శనగలు తీసుకుంటూ ఆ పెట్టెలో ఏముందమ్మా అని అడిగేవాళ్ళు. నేను పక్కనే కాపలా కూర్చుని, ముట్టుకోవద్దండీ, కొత్తదండీ అని చెప్పేదాన్ని. పక్కింటి అక్క మూడు రోజులు వచ్చింది. ఒక్కసారి నడిపించి చూపించమని బతిమాలింది. మూడో రోజు ఇక విసుగొచ్చి అందరి ముందూ అనేసింది.

"కోడేమో పెట్టెలో ఉంది, గుడ్ల మీద కూర్చున్నది మాత్రం నువ్వే."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వేళ్ళు పట్టుకుని పని నేర్పిన మనిషితో రెండు నెలలు మాట్లాడలేదు. పండగ అయ్యాక మా నాన్నని అడిగి మగ్గం మీంచి అప్పుడే దిగిన కొత్త గుడ్డ ముక్క తీసుకున్నాను. పాత పంచెముక్కలో చుడితే నా కోడికి చిన్నతనం అనుకున్నాను. ఆ గుడ్డలో పెట్టెని చుట్టి, ట్రంకుపెట్టెలో అడుగున పెట్టాను. చూశావా, ఎంత జాగ్రత్తో. నేతవాళ్ళ పిల్లని, అయినా ఆ గుడ్డలో ఏముందో నాకు తట్టలేదు. అది తరవాత చెబుతాను.

మళ్ళీ ఏడాది దసరా ఇంకో పది రోజులుందనగా, వానలు తెరిపిచ్చాయి. మా నాయనమ్మ పెట్టెలన్నీ వాకిట్లోకి లాగించి బట్టలు ఎండకి వేస్తోంది. నన్ను పిలిచి చాప మీద రెండు చీరలు పెట్టింది. ఒకటి వెలిసిపోయిన నీలంది, పట్టుకుంటే వెన్నలా ఉంది. ఇంకోటి చిలకాకుపచ్చ, జరీ అంచు, మడత చెక్కు చెదరలేదు, ఆ పూటే మగ్గం దిగినట్టుంది. వీటిలో ఏది గట్టిదో చెప్పు చూద్దాం అంది. ఇదేం ప్రశ్న, పచ్చదే అన్నాను. అయితే దాన్ని పూర్తిగా విప్పి ఎండలో ఆరెయ్యి అంది.

రెండు కొసలు పట్టుకుని లేచి నించుని ఒక్క విదిలింపు విదిలించాను. సర్రున చప్పుడైంది. నా చేతిలో మూరెడు ముక్క మిగిలింది, మిగతాది చాప మీద పడింది. పడిన చోట కూడా మడత మడతకీ విడిపోయింది. ఆ చీర ఎవరు నేశారో నాకు తెలుసు. నేను పుట్టకముందే పోయిన మా తాతయ్య నేశాడు. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకునేవాళ్ళు కాదు. ఏడుపు కూడా రాలేదు.

మా నాయనమ్మ తాంబూలం నములుతూ నెమ్మదిగా లేచి, నా చేతిలో ముక్క తీసుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. రెండు చీరలూ ఒకే ఏడు నేసినవేనట. నీలంది రోజూ కట్టింది, ఉతికింది, బిడ్డల్ని దాంట్లోనే పడుకోబెట్టింది. పచ్చది మా తాతయ్య పగలంతా షావుకారి చీరలు నేసి, పొద్దు వాలేముందు మిగిలిన కాస్త వెలుతురులో ఆవిడ కోసం నేశాడట. అంత మంచి చీర ఊరికే కట్టి పాడుచెయ్యడం ఎందుకని ఆవిడ దాచింది. పెద్దకొడుకు పెళ్ళికి కడదామనుకుంది, ఆ రోజు వంటపనిలో మరకలవుతాయని మానుకుంది. మనవడి అన్నప్రాసనకి అనుకుంది, పసివాడు పాడుచేస్తాడని మానుకుంది. ప్రతి పండక్కీ ఆయన అడిగేవాడట. తరవాత్తరవాత అడగడం మానేశాడట. ఇదంతా మామూలుగానే చెప్పింది. చివర్లో ఆ చిరిగిన కొస నా వేళ్ళ మధ్య పెట్టి రుద్దించింది. తెల్లటి పొడి రాలింది.

"మగ్గం గంజి ఇంకా దీన్ని వదల్లేదు చూశావా. ఒక్కసారి తడిపి కట్టుకుంటే గంజి పోయి నూలు మెత్తబడేది, పదేళ్ళు నా ఒంటి మీద తిరిగేది. నువ్వు చింపలేదే తల్లీ, నేనే చింపాను. ముప్పై ఏళ్ళు పట్టింది."

కోడి మాట ఎత్తనే లేదు. ఎత్తక్కర్లేకపోయింది. గంజి అనగానే నాకు ఆ కొత్త గుడ్డ గుర్తొచ్చింది. పరిగెత్తి ట్రంకుపెట్టె అడుగు నుంచి మూట లాగాను. గంజి రుచికి బొద్దింకలు చేరి గుడ్డని జల్లెడ చేశాయి. పసుపు పెట్టెకి మూలలు లేవు, గాజుకాగితం సగం లేదు. వానాకాలపు చెమ్మకి కోడి కాళ్ళకి తుప్పు. కీ పెట్టి తిప్పితే తిరగలేదు. ఉతికి ఉతికి గంజి పోయిన పాత పంచెముక్కల్లో చుట్టిన కొండపల్లి బొమ్మలు మాత్రం పక్కనే నిక్షేపంలా ఉన్నాయి. అప్పుడొచ్చింది ఏడుపు. ఏడాదంతా కొత్తది కొత్తది అని మురిసిపోయాను. ఆ కోడి ఒక్క అడుగన్నా వెయ్యకుండానే ముసలిదైపోయింది.

మా నాన్న మగ్గానికి వేసే నూనె తెచ్చి, చీపురుపుల్లతో చుక్క చుక్కగా కోడి పొట్టలోకి వదిలాడు. ఒక రోజంతా అలాగే వదిలెయ్యమన్నాడు. ఆ రోజు నేను పెట్టుకున్న మొక్కులు నువ్వు రాసుకోకు, చాలా ఉన్నాయి. మర్నాడు కీ పెడితే కిర్రుమని ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. మూడో చుట్టుకి ఆపి అరుగు మీద వదిలాను. కాసేపు ఊరుకుంది. తరవాత టక్ అని ఒక్క గింజ ఏరుకుంది, మళ్ళీ టక్. ఇక టకటకా అరుగు చివరిదాకా నడిచి, మా నాయనమ్మ చేతిలోకి వచ్చి ఆగింది. నేను ముందు పరిగెత్తింది పక్కింటికి. అక్కని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కీ దాని చేతిలో పెట్టాను. అది ఏమీ దెప్పలేదు, కోడి నడుస్తుంటే నవ్వుతూనే ఉంది.

ఆ దసరాకి కోడిని మెట్ల మీద పెట్టలేదు. కొలువు ముందు పీట వేసి దాని మీద నడిపించాం. పేరంటానికి వచ్చిన ప్రతి పిల్లకీ ఒక వంతు, మూడు చుట్లు. చుట్లు లెక్కపెట్టేది నేను. ఎన్ని కొలువులున్నా బొమ్మ నడిచే కొలువు మాదొక్కటే. పై వీధి వాళ్ళు కూడా పిల్లల్ని వెంటేసుకుని వచ్చారు, కొందరు శనగలు తీసుకుని వెళ్ళి మళ్ళీ వచ్చారు. చెప్పలేదు కదూ, ఆ పచ్చచీరలో మడతల మధ్య మంచిగా మిగిలిన ముక్కలు మా నాయనమ్మ కాలవలో తడిపి గంజి వదలగొట్టింది. లోపల మల్లుగుడ్డ వేసి నాకు పరికిణీ కుట్టింది. జరీ అంచు కిందికి వచ్చేలా. మా తాతయ్య నేసిన జరీ కట్టుకుని తొమ్మిది రోజులూ వీధంతా తిరిగి నేనే పేరంటాలు పిలిచాను. ఆవిడ నా వెనకాలే వస్తూ ఆ అంచు వంకే చూసేది. ఎవరైనా ఎక్కడిదమ్మా ఈ జరీ అని అడిగితే, మా ఆయన నేసింది అని గట్టిగా చెప్పేది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడడం నేను మళ్ళీ వినలేదు.

ఆ కోడే ఇది, మన హాల్లో టీవీ పక్కనున్నది. రంగు ఎక్కడుందో వెతుక్కోవాలి. ముక్కు మీ అమ్మ చిన్నప్పుడు వంచింది. మొన్న నీ స్నేహితుడొచ్చి చేతిలోకి తీసుకుని, పెట్టె ఉండుంటే దీనికి ఎంత రేటు పలికేదో అమ్మమ్మగారూ అని తెగ బాధపడిపోయాడు. పెట్టె బొద్దింకలు తిన్నాయి నాయనా, కోడిని నేను దక్కించుకున్నాను అన్నాను. పాపం, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

నిన్ను పెట్టెలు పారెయ్యమని నేననను. పెట్టె కూడా ముద్దుగానే ఉంటుంది, నా పసుపు పెట్టె ఇప్పటికీ నాకు కళ్ళల్లో కనపడుతుంది. మా నాయనమ్మ బొమ్మల్ని చుట్టి దాచబట్టే అన్నేళ్ళు నిలిచాయి, అదీ నిజమే. కానీ ఏటా విప్పేది. విప్పి, తుడిచి, పదిమందికీ చూపించి మళ్ళీ చుట్టేది. రేపెవరో వచ్చి కొంటారని దాచినంత కాలం ఆ కారు వాళ్ళదేరా, నువ్వు కాపలా కాస్తున్నావంతే. ఆరేళ్ళ పిల్ల దొర్లిస్తే గీత పడుతుంది, పడనీ. ఆ గీత ఎవరు పెట్టారో నీకు గుర్తుంటుంది. మీ అమ్మ వంచిన ముక్కు నాకు గుర్తున్నట్టు.

ఇదిగో, నా తాళాల గుత్తిలో ఈ బుల్లిది ఏమిటని నువ్వెప్పుడూ అడుగుతావే, బీరువాది కాదు, దేవుడి గదిది కాదు. కోడి కీ ఇది. అరవై ఏళ్ళు దాటినా నా నడుముని వదల్లేదు. ఎక్కడికి వెళ్ళినా నాతోనే ఉంటుంది. ఎవరింట్లో పసిపిల్లలు మా కోడి సంగతి విని అడిగినా, రండర్రా మా ఇంటికి, మూడు చుట్లు మీవే అని చెప్పడానికి. కొత్త చీర ఏదొచ్చినా నేను వారం తిరక్కుండా తడిపి కట్టేస్తానని మీ అమ్మ నవ్వుతుంది, నవ్వనీ. కీ ఇలా పట్టుకోవాలి, కుడివైపుకి, నెమ్మదిగా, మూడో చుట్టు దగ్గర వేలికే తెలుస్తుంది, అప్పుడు...

ఏమిటీ, కత్తెరా? ఇప్పుడు కత్తెర దేనికిరా... ఓహో. ఉంది, నా కుట్టుమిషను సొరుగులో, కింద సొరుగు కాదు, పైది. ఆ ప్లాస్టిక్ అంచు వెంటే కొయ్యి, అట్ట చిరగకుండా, చెల్లిని కూడా పిలిచి దాని చేతే... మీ అమ్మ పిలుస్తోంది, వస్తున్నానమ్మా, వినపడింది, పులుసు చల్లారిపోతుందంటే వడ్డించెయ్యి, వీళ్ళిద్దరూ ఇదిగో ఆ ఎర్రకారు ఒక్కసారి నేల మీద దొర్లించి వస్తారు.