జిగురు సీసా మూత

అమలాపురంలో మా లైబ్రేరియన్ గారు అంతరిక్షంలోకి వెళ్ళిన ప్రతి మనిషి గురించీ పేపర్లో పడ్డ వార్త కత్తిరించి, ఒక లావుపాటి ఫైల్లో అతికించేవారు. అయితే ఆ మనిషి క్షేమంగా నేలకు దిగేదాకా జిగురు సీసా మూత తీసేవారు కాదు.

మన దేశం నుంచి మొదటిసారి ఒకాయన రోదసిలోకి వెళ్ళినప్పుడు, బీఎస్సీ చదివిన గర్వంతో నేను పేపరు పట్టుకుని పరుగెత్తాను.

"చరిత్రండీ, అతికించెయ్యండి!"

"ఆయ్, చరిత్రేనండి. దిగనివ్వండి."

చాదస్తమని ఊరంతా చెప్పి నవ్వాను.

ఆ ఏడాదే మస్కట్ ఉద్యోగానికి విమానం ఎక్కే ముందు, స్థానిక వారపత్రికలో నా ఫొటో నేనే వేయించుకున్నాను. ఎండకు తాళలేక మూడు నెలలకే తిరిగొచ్చి, ముఖం దాచుకోవడానికి లైబ్రరీలో దూరాను.

ఆయన లేచి నిలబడ్డారు.

"క్షేమంగా దిగేరు కదండీ," అంటూ, దాచి ఉంచిన నా ఫొటో బయటికి తీసి, జిగురు సీసా మూత విప్పారు.